మింటీ కూజాకు మూడడుగులు

సవానా అనే ఊళ్ళో బతికున్నవాళ్ళకంటే చచ్చినవాళ్ళకే మర్యాద ఎక్కువ. ఏ కూడలిలో చూసినా ఓ సేనాని విగ్రహం, ఏ ఇంటి గోడమీద చూసినా ఫలానా దొరగారు ఫలానా ఏడు ఇక్కడ మూడు రాత్రులు బస చేశారని ఓ కంచుపలక. నిద్రపోయినందుకే పలకలు వేయించుకున్న ఊరది. అలాంటి ఊళ్ళో, ముప్పయ్యొక్కేళ్ళు పీతలు వలిచి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయిన ఓజెల్లా మంగిన్ ఒక పలక కావాలని అడిగితే అందులో అత్యాశ ఏముంది? అదీ తనకోసం కాదు. తూర్పువాడ చివర, చిత్తడినేల అంచున, ఆమె కూతురు వెర్డెల్ పడుకున్న చోటికోసం.

ఆ చోటు షారోను కుమార్తెల సమాజంవారి శ్మశానం. సమాజమంటే ఒకప్పుడు మూడొందల మంది నల్లజాతి ఆడవాళ్ళు. బట్టలుతికేవాళ్ళు, వంటలక్కలు, తెల్లవాళ్ళ పిల్లల్ని సాకిన దాదులు. ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు మంచం పక్కన కూచునేవాళ్ళు, పోతే తెల్లబట్టలు కట్టుకుని వెంటనడిచి సాగనంపేవాళ్ళు. అంతమందిలో ఇప్పుడు మిగిలింది ఓజెల్లా ఒక్కతే. డెబ్బై నాలుగేళ్ళ వయసులో అధ్యక్షురాలూ ఆమే, కార్యదర్శీ ఆమే, సభ్యురాలూ ఆమే.

"మీటింగు పెడితే కోరం సరిపోతుందా వదినా?" అని రాస్కో ఏడిపించేవాడు. రాస్కో ఆమె మొగుడికి చిన్నాన్న కొడుకు. పద్దెనిమిదో ఏట నుంచీ ఆ శ్మశానంలో గోతులు తవ్విన మనిషి. ఇప్పుడు చూపు సగం పోయింది, నోరు మాత్రం పూర్తిగా ఉంది.

"నేనూ, నా కుర్చీ. చాలదూ?" అనేది ఓజెల్లా.

ఇన్నాళ్ళూ లేని పలక ఇప్పుడెందుకంటే, భయం వేసి. అలాంటి శ్మశానాలు రెండు ఆమె కళ్ళముందే పోయాయి. ఒకదానిమీద పెట్రోలు బంకు లేచింది, ఇంకోదానిమీదుగా రోడ్డు వెడల్పు చేశారు. అది 1976. దేశానికి రెండొందలేళ్ళు నిండుతున్నాయని ఊరు ఊరంతా రంగులు పూసుకుంటోంది. చిత్తడి ఒడ్డున గోదాములు కడతారని ఒక పుకారు పుట్టింది. కంచుపలక ఉన్నచోట బుల్డోజరు ఆగుతుందని ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. మొగుడు ఐజేయా రొయ్యల పడవమీద వెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు కాబట్టి ఆయన పక్కన పడుకునే యోగం ఎలాగూ లేదు. ఇక ఓజెల్లాకు మిగిలిన కోరిక ఒక్కటే. వెర్డెల్ పక్కన నలభై ఏళ్ళుగా ఖాళీగా అట్టేపెట్టిన ఆ కాస్త జాగాలో పడుకోవాలి.

అందుకని చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, పాత కట్టడాల పరిరక్షణ సంఘానికి వెళ్ళింది. వెళ్ళేముందు రాస్కోకు చెప్పింది, అదీ పొరపాటే.

"పరిరక్షణ అమ్మగార్లా? నువ్వు పుట్టిన ఇంటిని పరిరక్షించారుగా. ఇప్పుడందులో ఎవరున్నారు?"

"ఎవరో డాక్టరుగారు."

"నల్లడాక్టరా?"

"నోరు మూసుకో రాస్కో."

"నేను మూసుకుంటాలే. వాళ్ళు పరిరక్షించిన చోట మనవాళ్ళు మిగలరు వదినా. అంతే నేను చెప్పేది."

ముసలాడి మాట ముత్యాల మూట అంటారు కానీ, రాస్కో మాటలన్నీ మూటకట్టి దాచుకుంటే ఇంట్లో మనకు చోటుండదు. ఓజెల్లా వినిపించుకోలేదు.

సంఘానికి పెద్ద మిసెస్ ప్రెంటిస్. మాట మెత్తన, మనసూ మెత్తనే. ఆవిడలో చెడ్డతనం వెతకబోతే వెతికినవాళ్ళకే సిగ్గేస్తుంది. కాలం మారిందని తెలుసుకుని నల్ల ఆడవాళ్ళను కూడా ఇంటిపేరుతో, మీరు అని పిలవడం శ్రద్ధగా నేర్చుకుంది. సంతోషమో కంగారో కలిగినప్పుడు మాత్రం ఆ చదువు మరిచిపోయేది.

"మిసెస్ మంగిన్, ఇన్నాళ్ళూ ఈ చోటు సంగతి మాకెవరూ చెప్పలేదే! పద్దెనిమిది వందల డెబ్బై ఒకటా? అయ్యో ఓజెల్లా, ఇది బంగారం! పలక నేను వేయిస్తాను. ముందు ఆ తీగలూ ముళ్ళపొదలూ కొట్టించి శుభ్రం చేయిస్తాను. నువ్వు పూచికపుల్ల కదపక్కర్లేదు."

జనవరిలో మాట ఇచ్చింది. ఫిబ్రవరిలో పలక పోత పోయించింది. మార్చిలో ఒక శనివారం, ఊళ్ళోని తోటల సంఘం ఆడవాళ్ళు ముప్పై మందిని వెంటబెట్టుకుని వచ్చింది. అందరికీ చేతితొడుగులు, గడ్డిటోపీలు, బుట్టల్లో తిండి.

ఓజెల్లా తన మెడలో తాడుకు వేలాడే తాళంచెవి తీసి గేటు తెరిచింది. పెద్ద గిన్నె నిండా టమాటాలతో ఎర్రన్నం వండి తెచ్చింది. ఆల్చిప్పల సున్నంతో కట్టిన పాతగోడ మీదకు ఎగబాకిన తీగలను ఆ ఆడవాళ్ళు లాగుతుంటే, పన్నెండేళ్ళుగా తను ఒంటిచేత్తో లాగలేకపోయిన తీగలవి, ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇసుకదోమలు అందరినీ సమానంగా కుట్టాయి. తెల్లచేతులూ నల్లచేతులూ ఒకే తీరున గోక్కోవడం చూసి ఆమెకు నవ్వొచ్చింది.

పదింటికి ఎండ ముదిరింది. ఓజెల్లా చీలమండలు ఎప్పటిలాగే ఉబ్బాయి. మిసెస్ ప్రెంటిస్ చూసి ఊరుకోలేదు.

"మీరు ఇంటికెళ్ళి కాళ్ళు పైకి పెట్టుకుని పడుకోండి. ఇక్కడ మేం లేమూ?"

తన కార్లోనే పంపించింది. ఓజెల్లా వద్దనలేదు. వద్దనడానికి ఏం కారణముంది? వాళ్ళు కోస్తున్నది పొదలు, లాగుతున్నది తీగలు. ఫలానావి ముట్టుకోకండి అని చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. సమాధి మీద ఉన్నదాన్ని వేలితో కూడా కదపకూడదని ఆమె వాడలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. అందరికీ తెలిసిన సంగతి ఎవరికైనా విడిగా ఎందుకు చెబుతాం? నిప్పు కాలుతుందని చుట్టాలకు చెబుతామా?

ఆ శ్మశానంలో రాళ్ళు లేవు. రాయి వేయించగల స్తోమతు షారోను కుమార్తెలకు ఎప్పుడూ లేదు. మనిషి పోయేముందు చివరగా ముట్టుకున్న వస్తువు, తాగిన గ్లాసో మందుసీసానో తల దగ్గర పెట్టిన దీపమో, తెచ్చి సమాధి మీద పెట్టేవాళ్ళు. పెట్టేముందు దాన్ని పగలగొట్టేవాళ్ళు. పగలగొట్టకపోతే చావు గొలుసులా సాగుతుందని, పోయినవాళ్ళు ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే రమ్మంటారని వాళ్ళ నమ్మకం. వస్తువు పగిలితే గొలుసు తెగుతుంది. నూటనలభై సమాధుల మీద నూటనలభై పగిలిన వస్తువులు. వెర్డెల్ మీద ఒక పింగాణీ కప్పు, దానిమీద నీలిపిట్ట బొమ్మ. గొంతు వాచి ఏడేళ్ళ పిల్ల చివరి గుక్క నీళ్ళు తాగిన కప్పు. 1938లో దాన్ని మూడు ముక్కలుగా పగలగొట్టింది ఓజెల్లాయే. రాయితో కొట్టడానికి చెయ్యి రాకపోతే రాస్కో ఆమె మణికట్టు పట్టుకుని కొట్టించాడు.

సోమవారం పొద్దున్నే ఆమె చూడ్డానికి వెళ్ళింది. గేటు దగ్గరే నిలబడిపోయింది.

చాలా అందంగా ఉంది. అదే ఘోరం. గోడ నుంచి గోడ దాకా నున్నగా చదును చేసి, కొత్త మట్టి పోసి, గడ్డివిత్తనాలు జల్లి, పైన గడ్డి పరిచారు. గుంటలన్నీ పూడ్చేశారు. మూల ఒక బల్ల వేశారు, కూచుని విశ్రాంతి తీసుకోవడానికి. కూజా లేదు, గడియారం లేదు, దీపం లేదు. పెంకుముక్క కూడా లేదు.

ఓజెల్లా లోపలికి అడుగు పెట్టబోయి కాలు వెనక్కి తీసుకుంది. ఎవరి గుండెమీద పడుతుందో తెలియని అడుగు. నలభై ఏళ్ళలో ఆ నేలమీద కాలు ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం అదే మొదలు. ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. తనదేనని ఆమెకు కాసేపటిదాకా తెలియలేదు.

ఆ కాళ్ళతోనే నడిచి సంఘం ఆఫీసుకు వెళ్ళింది. ఎవరి సమాధి ఎక్కడుందో రాసుకున్న సమాజం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళింది.

"అబ్బ, మీరే వచ్చారా! నేనే ఫోను చేద్దామనుకుంటున్నాను," అంది మిసెస్ ప్రెంటిస్. "ఎలా ఉంది? రెండు ట్రక్కుల చెత్త తీశాం, తెలుసా! పాపం ఎన్నేళ్ళ నుంచి ఎవరెవరు తెచ్చి పారబోశారో."

"సామాన్లేవమ్మా?" అంది ఓజెల్లా.

"ఏ సామాన్లు?"

"కప్పులు, సీసాలు. గడియారం ఉంటుంది, ముళ్ళు లేనిది. తెల్ల కూజా ఉంటుంది."

"ఓ, అవా! మంచివన్నీ పారెయ్యకుండా దాచాం. రండి, చూపిస్తాను." ఆవిడ ముఖం వెలిగిపోయింది. వెనకగదిలోకి తీసుకెళ్ళింది. పొడుగాటి బల్లమీద అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిమీద చక్కటి దస్తూరీతో చీటీలు. నీలిగాజు. గోధుమరంగు గాజు. తెల్ల పింగాణీ. పూల పింగాణీ. ఇనుము. "మా అమ్మాయిలు ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. రంగులవారీగా! అన్నీ కడిగించాను కూడా."

"ఏది ఎక్కడ దొరికిందో రాశారా?"

"ఎక్కడంటే? అక్కడే కదా, ఆ నేలమీద."

ఓజెల్లా పుస్తకం బల్లమీద పెట్టి తెరిచింది. తన చేతిరాతకు ముందు నలుగురు కార్యదర్శుల చేతిరాతలున్న పుస్తకం. మొద్దుబారిన వేలు పెట్టి ఒక్కో వరసా పైకి చదివింది.

"కడ్జో బ్రయన్. గేటుకు ఎదురుగా, ఓక్ చెట్టు కింద. గడియారం. హేగర్ సింగిల్టన్. కడ్జో గడియారానికి ఏడడుగులు, నదివైపు. దీపం. మింటీ లూయిస్. హేగర్ దీపం పక్కనే. తెల్ల కూజా." మిగతాది కళ్ళతోనే చదివి, తర్వాత పైకి చెప్పింది. "వెర్డెల్ మంగిన్, ఏడేళ్ళు. మింటీ కూజాకు మూడడుగులు, చిత్తడివైపు. పిట్టకప్పు."

"ఓక్ చెట్టు ఉందిగా మరి?" అంది మిసెస్ ప్రెంటిస్, ఇంకా పూర్తిగా అర్థం కాక.

"పంతొమ్మిదొందల నలభైలో తుపానుకు పడిపోయిందమ్మా. గడియారం ఉంది కదా అని మేం చెట్టుగురించి ఏడవలేదు."

అప్పుడు ఆవిడకు అర్థమైంది. పెట్టెలకేసి చూసింది, పుస్తకంకేసి చూసింది. ముఖం సున్నంలా పాలిపోయింది. చేతులతో నోరు మూసుకుని కుర్చీలో కూలబడి ఏడవడం మొదలెట్టింది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది.

"దేవుడా, ఏం చేశాను నేను! ఓజెల్లా, నాకెవరూ చెప్పలేదే! నువ్వు చెప్పలేదే!"

ఓజెల్లా అక్కడికి రావడం తిట్టడానికే వచ్చింది. దారిపొడుగునా మాటలు పేర్చుకుని వచ్చింది. తీరా చూస్తే ఆమె చేతిరుమాలు మిసెస్ ప్రెంటిస్ చేతిలో ఉంది, ఆమె చెయ్యి ఆవిడ వీపు నిమురుతోంది, ఆమె నోరు "ఊరుకోండమ్మా, ఊరుకోండి, మీరు కావాలని చేశారా" అంటోంది. చేతులు కాలినవాళ్ళే ఆకులు తెచ్చి ఎదుటివాళ్ళకు కట్టడం ఆ ఊళ్ళో కొత్తేం కాదు. అయినా ఆ క్షణంలో ఓజెల్లాకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పూల పింగాణీ అని రాసిన పెట్టె ఆమె స్వయంగా వెతికింది. పిట్టకప్పు అందులో లేదు.

ఆ వారమంతా ఆమె అన్నం సరిగా తినలేదు. రాస్కో వచ్చి కూచునేవాడు. నేను ముందే చెప్పానుగా అని ఒక్కసారి కూడా అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"చువ్వతో చూస్తే?" అని ఒకరోజు అడిగింది. గోతులు తవ్వేవాళ్ళు ఇనపచువ్వ నేలలో దించి, మట్టి మెత్తదనాన్నిబట్టి కింద మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పేవాళ్ళు.

"చూడొచ్చు. చువ్వకు ఎముక తగుల్తుంది వదినా, పేరు తగలదు," అన్నాడు రాస్కో. "చిన్నపిల్లల గోతులే అక్కడ ముప్పై పైచిలుకున్నాయి. ఎంతమందిని పొడుస్తాం?"

ఏప్రిల్‌లో పలక ఆవిష్కరణ. రాకూడదనుకుంది, కానీ వచ్చింది. రాకపోతే షారోను కుమార్తెల తరఫున ఎవరున్నారు? గోడ అవతల అజేలియా పూలు విరగబూశాయి. కాగితపు మిల్లు వాసన గాలికి ఇటే వీస్తోంది. నగరపాలక సంఘం నుంచి ఒకాయన వచ్చాడు, పాస్టరుగారు ప్రార్థన చేశాడు. మిసెస్ ప్రెంటిస్ కళ్ళు వాచి ఉన్నాయి. అప్పటినుంచీ ఆవిడ ఒక్కసారి కూడా మిసెస్ మంగిన్ అనడం మరిచిపోలేదు. ఆ మర్యాద ఓజెల్లాకు ముల్లులా గుచ్చుకుంది.

తాడు లాగమని ఓజెల్లా చేతికిచ్చారు. లాగింది. గుడ్డ జారిపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది.

షారోను కుమార్తెల శ్మశానం, 1871. ఇక్కడ సుమారు నూటనలభై మంది నిద్రిస్తున్నారు. వారి సమాధుల ఆనవాళ్ళను కాలం చెరిపివేసింది.

"కాలమా?" అంది ఓజెల్లా, పక్కనున్న రాస్కోకు మాత్రమే వినిపించేలా. "శనివారం పదింటి నుంచి నాలుగింటి దాకా ఉన్న కాలం."

"గట్టిగా అను," అన్నాడు రాస్కో.

"ఏమని? ఆ పలక ఫిబ్రవరిలో పోత పోశారు. అప్పటికది అబద్ధం. అబద్ధమని అప్పుడు చెప్పుంటే నెగ్గేదాన్ని. ఇప్పుడు నిజమే రాశారు కదా, ఏమని గట్టిగా అనను?"

అందరూ వెళ్ళిపోయాక మిసెస్ ప్రెంటిస్ దగ్గరికొచ్చింది. చేతిలో చిన్న పెట్టె, దానికి తెల్ల రిబ్బను.

"ఇది మీది, మిసెస్ మంగిన్. ఆరోజు మీరు వెళ్ళాక గుర్తొచ్చింది. దీన్ని అప్పటికే అతికించమని మ్యూజియం మనిషికి ఇచ్చి పంపాను. నేను చెయ్యగలిగింది ఇదొక్కటే."

ఓజెల్లా విప్పింది. నీలిపిట్ట. మూడు ముక్కలూ అతికించి ఉన్నాయి. అతుకులు ఎంత సన్నగా ఉన్నాయంటే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటేగాని కనపడవు. పిడి కూడా సరిగ్గా కూచుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కింద వెర్డెల్ పెదవులు తగిలిన అంచు, మళ్ళీ గుండ్రంగా.

"ఎంత బాగా కుదిరిందో కదూ?" అంది మిసెస్ ప్రెంటిస్, బిక్కుబిక్కుమంటూ.

ఆవిడకు ఏమని చెప్పాలి? ఆ కప్పును పగలగొట్టిందే ఇంట్లోవాళ్ళను కాపాడటానికని, అతికిస్తే తెగిన గొలుసు మళ్ళీ కలుస్తుందని చెబితే, మళ్ళీ కుర్చీ వెతకాలి, మళ్ళీ వీపు నిమరాలి. ఆమెకు ఆ ఓపిక లేదు.

"థాంక్సమ్మా," అంది.

ఆవిడ కారు వెళ్ళిపోయాక ఇద్దరు ముసలివాళ్ళూ పచ్చికలోకి దిగారు. చెప్పులు విప్పేసి దిగారు. ఓజెల్లా గేటుకు వీపు ఆనించి నిలబడి, కళ్ళు మూసుకుని, కాళ్ళకే వదిలేసింది. కళ్ళు మరిచినా కాళ్ళు మరవవని ఆమె నమ్మకం. ఎన్ని ఆదివారాలు నడిచిన దారి అది! కానీ ఆ దారి ఎప్పుడూ సూటిగా లేదు. సీసాను తప్పించి, పళ్ళెం చుట్టూ తిరిగి, దీపానికి పక్కగా జరిగి నడిచిన దారి. తప్పించుకోవడానికి ఏమీ లేకపోయేసరికి కాళ్ళు తికమకపడ్డాయి. చివరికి ఒకచోట ఆగింది.

"ఇక్కడ."

"కాదు వదినా. ఇంకా అటు. నేను తవ్వినప్పుడు మధ్యాహ్నం గోడనీడ నా కాళ్ళమీద పడింది." రాస్కో ఇంకో ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాడు. "ఇదిగో, ఇక్కడ."

"నీకు చూపే లేదు!"

"అప్పుడుందిగా."

"నా కూతురు నాకు తెలీదా?"

"తెలుసు. నేను తవ్విన గొయ్యి నాకూ తెలుసు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ, ఇరవై అడుగుల ఎడంలో, ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. రాస్కో మెల్లగా అన్నాడు: "నాకూ నమ్మకం లేదు వదినా. నువ్వు ఒప్పుకుంటావేమోనని అన్నాను."

ఓజెల్లా కప్పు బయటికి తీసింది. పెద్ద రాయి కోసం చూసింది. రాయి కూడా లేదు, అంత శుభ్రంగా ఉంది. బల్ల ఇనపకాలు కనిపించింది. దానికి కొట్టబోయి, ఎత్తిన చెయ్యి దించేసింది.

"ఏం, కొట్టవే?"

"ఎవరిమీద కొట్టను? వెర్డెల్ కప్పు తీసుకెళ్ళి ఇంకెవరి తలమీదో పగలగొడితే, వాళ్ళ చావు తెచ్చి నా ఇంటికి కట్టుకున్నట్టే. వాళ్ళింటికి నాది కట్టినట్టే." ఆమె గడ్డిలో కూలబడింది. అప్పుడు ఏడ్చింది, పిల్ల పోయిన రోజు ఏడ్చినట్టే, దాచుకోకుండా. "నేనే గేటు తీశాను రాస్కో. ఈ తాళంచెవితో నేనే తీశాను. ఎర్రన్నం వండిపెట్టి మరీ తీశాను."

రాస్కో పక్కన కూచున్నాడు. ఆమెను ఊరుకోమనలేదు.

లేచి వెళ్ళేముందు ఆమె అడిగింది. "నన్నెక్కడ పెడతావు?"

అతను గేటువైపు చెయ్యి చూపించాడు. "గేటు పక్కన."

"అక్కడెందుకు?"

"శవాన్ని తెచ్చే బండి తిరిగే చోటది. అక్కడ ఎవర్నీ పెట్టలేదని నాకూ నీకూ తెలుసు. ఈ మొత్తం నేలలో మనకు తెలిసిన చోటు అదొక్కటే కదా."

ఓజెల్లా గేటుకేసి చూసింది, పచ్చికకేసి చూసింది. వెర్డెల్‌కు దగ్గరో దూరమో చెప్పడానికి లేదు. "సరే," అంది.

మర్నాడు పొద్దున రాస్కో వచ్చేసరికి ఆమె వంటింటి బల్ల దగ్గర కూచుని కాఫీ తాగుతోంది. పిట్టకప్పులో తాగుతోంది. వేడికి అతుకు దగ్గర జిగురు మెత్తబడి, కాఫీ సన్నగా కారి, ఆమె మణికట్టు మీదుగా జారుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు.

రాస్కో వాసన చూశాడు, వంగి కప్పు చూశాడు, గతుక్కుమన్నాడు. "అందులో తాగుతావేంటి వదినా? అది పిల్లది. బొత్తిగా మతి పోయిందా?"

"చివరగా ముట్టుకున్నదే కదా మీద పెడతారు?"

"అవును."

"ఏ రోజు తాగేది చివరి గుక్కో నాకేం తెలుసు? అందుకని రోజూ ఇందులోనే తాగుతాను." ఆమె కప్పు రెండు చేతులతో పట్టుకుంది, కారకుండా. "గేటు పక్కన నన్ను పెట్టాక ఇది నామీద పగలగొట్టు. నా తర్వాత మా ఇంట్లో ఎవరూ లేరు, నీకు భయమక్కర్లేదు. పిల్ల గొలుసూ నా గొలుసూ ఒక్కసారే తెగుతాయి."

రాస్కో కుర్చీ లాక్కుని కూచున్నాడు. "నాకు చూపు లేదు వదినా. సరిగ్గా తగుల్తుందో లేదో."

"తగిలేదాకా కొట్టు. గట్టిగా కొట్టు," అంది ఓజెల్లా. "ఈసారి ఏ మహాతల్లీ అతికించలేకుండా."